కుక్కకు ఉప్పునీళ్లు పట్టించకండి

పెంపుడు కుక్క చాక్లెట్టో ఎలుకల మందో తినేసిందనగానే చాలా ఇళ్లలో ముందు ఉప్పునీళ్లు కలిపి నోట్లో పోస్తారు, కక్కేస్తుందని. ఒక్కోసారి తిన్నదానికంటే ఈ వైద్యమే ప్రాణం మీదికి తెస్తుంది.

శరీర బరువులో కిలోకు 2 నుంచి 3 గ్రాముల ఉప్పు లోపలికి పోతే కుక్కలో విష లక్షణాలు మొదలవుతాయి. 4 గ్రాముల దగ్గర చనిపోవచ్చు. తలకొట్టిన టీస్పూను ఉప్పు సుమారు 6 గ్రాములు. 5 కిలోల పామరేనియన్‌కు మూడు చెంచాలు పట్టిస్తే కిలోకు 3.6 గ్రాములన్నమాట! వాంతి అయితే కొంత బయటికి పోతుంది. కాకపోతే మొత్తం ఒంటికి పడుతుంది. పైగా వాంతి కాలేదని ఇంకో గ్లాసు పోసేవాళ్లూ ఉంటారు.

ఊరగాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్కల్లోంచి ఊట దిగినట్టే, ఉప్పులోని సోడియం రక్తంలో పెరిగితే మెదడు కణాల్లోని నీరు బయటికి లాగేసుకుంటుంది. మెదడు కుంచించుకుపోయి, దాని మీది సన్నని రక్తనాళాలు తెగుతాయి. మొదట వాంతులు, విరేచనాలు, విపరీతమైన దాహం. తర్వాత తూలడం, వణుకు, ఫిట్స్.

పెరుగన్నంలో చిటికెడు ఉప్పుకు భయపడక్కర్లేదు, గుండె, కిడ్నీ జబ్బులున్న వాటికి తప్ప. జాగ్రత్త పడాల్సింది ఎండుచేపల సంచి, పిల్లలు ఉప్పు కలిపి చేసుకునే ఆటపిండి, బీచ్‌లో తాగే సముద్రపు నీళ్ల (లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు) విషయంలో. ఆవకాయలో వెల్లుల్లి కూడా ఉంటుంది, అది వేరే విషం. తాగడానికి మంచినీళ్లు అందకపోతే తక్కువ ఉప్పయినా ముదురుతుంది, కాబట్టి వేసవిలో నీళ్ల గిన్నె ఖాళీ కానివ్వకూడదు.

ఉప్పు ఇప్పుడే తిని, కుక్క హుషారుగానే ఉంటే, కొద్దికొద్దిగా నీళ్లు తరచూ పెడుతూ ఆస్పత్రికి బయల్దేరండి. మత్తుగా ఉన్నా, ఫిట్స్ వస్తున్నా నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిని ఒకటి రెండు రోజులైతే సంగతి తిరగబడుతుంది. అప్పటికి మెదడు కణాలు నీటిని పట్టి ఉంచే పదార్థాలను తయారుచేసుకుని ఉంటాయి. ఆ దశలో ఒక్కసారిగా నీళ్లు ఎక్కిస్తే మెదడు ఉబ్బుతుంది. అందుకే డాక్టరు రక్తపరీక్షలు చేస్తూ, రక్తంలోని సోడియాన్ని గంటకు లీటరుకు సుమారు 0.5 మిల్లీమోల్ (రక్తపరీక్షలో సోడియాన్ని చూపే కొలత) చొప్పున రెండు మూడు రోజుల పాటు నెమ్మదిగా దించుతారు. కుక్క బరువు, ఎన్ని చెంచాలు, ఏ టైముకు తిన్నదీ వెళ్లగానే చెప్పండి. సెలైన్ వేగం వాటిని బట్టే.