పాలు మోకాలి దాకా ఎలా వెళ్తాయి?

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరం అందింది. "పాలు తాగితే ఎముకలు గట్టిపడతాయంటారు కదా తాతయ్యా, మరి గొంతులోంచి మోకాలి దాకా దారి ఎక్కడుంది?" అని అడిగారు. మీ వయసులో నాకు ఈ సందేహం రానే లేదు. తాగమన్నారు, తాగాను.

పాలకు పళ్లతో పని లేదు కాబట్టి ముందు ఒక రొట్టె ముక్క తీసుకోండి. మింగకుండా రెండు నిమిషాలు నములుతూ ఉండండి. మెల్లగా తియ్యదనం తెలుస్తుంది. రొట్టెలోని పిండిపదార్థాన్ని మీ లాలాజలం అప్పుడే విడగొట్టి చక్కెరగా మారుస్తోందన్నమాట. నమలకుండా మింగేవాళ్లకు ఈ రుచి దక్కదు.

మింగినది పాతిక సెంటీమీటర్ల ఆహారనాళం గుండా జీర్ణాశయానికి చేరుతుంది. అక్కడి ఆమ్లం చాలా ఘాటైనది. వేడి పాలలో నిమ్మరసం పిండితే విరుగుతాయి చూడండి, పొట్టలో కూడా పాలు అలాగే విరిగి గడ్డ కడతాయి. ఈ సంగతులు పెద్దలు ఎలా కనిపెట్టారో చెప్పాలి. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి గుండు తగిలింది. ప్రాణం దక్కింది కానీ పొట్ట మీది రంధ్రం పూడలేదు. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు మాంసం, రొట్టె, క్యాబేజీ ముక్కలను పట్టుదారానికి కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి వదిలేవాడు. గంటకోసారి పైకి లాగి ఎంత కరిగాయో చూసేవాడు. తాను గమనించినవన్నీ 1833లో పుస్తకంగా అచ్చు వేశాడు. వైద్యుడి పేరు అందరూ చెబుతారు. ఏళ్ల తరబడి ఆ ఇబ్బంది పడ్డ సెయింట్ మార్టిన్‌ను కూడా మీరు గుర్తు పెట్టుకోవాలని నా కోరిక.

ఇక అసలు దారి చిన్నపేగులో ఉంది. పేరుకే చిన్నది, పొడవు దాదాపు ఆరు మీటర్లు. లోపలి గోడ నిండా మిల్లీమీటరుకు మించని సన్నని మొలకలు మఖమల్ గుడ్డ మీది నూగులా ఉంటాయి. పాలలోని కాల్షియం ఈ గోడను దాటి రక్తంలో కలుస్తుంది. దాటడానికి విటమిన్ డి సాయం కావాలి. ఎండ తగిలినప్పుడు మన చర్మమే దాన్ని తయారు చేసుకుంటుంది. అది చాలకపోతే ఎన్ని పాలు తాగినా కాల్షియంలో ఎక్కువ భాగం రక్తంలో కలవకుండానే మలంతో బయటికి పోతుంది.

రక్తంలో కలిసిన కాల్షియం ఒళ్లంతా తిరుగుతుంది, మీ మోకాలి దగ్గరకూ వెళ్తుంది. గుండె కొట్టుకోవడానికి, కండరాలు కదలడానికి కూడా అదే కావాలి. అందుకే రక్తంలో దాని మోతాదు తగ్గకుండా మెడలో బియ్యపు గింజంత గ్రంథులు నాలుగు కాపలా కాస్తుంటాయి. కాస్త తగ్గగానే అవి ఎముకలకు కబురు పంపుతాయి. శరీరంలోని కాల్షియంలో 99 శాతం నిలవ ఉండేది ఎముకల్లో, పళ్లలోనే. ఎముకను కొద్దికొద్దిగా కరిగించి కాల్షియాన్ని రక్తంలోకి వదిలే కణాలు ఉన్నాయి. ఆ గుంటల్ని పూడ్చి కొత్త ఎముక కట్టే కణాలు వేరే ఉన్నాయి. ఈ కూల్చడం, కట్టడం మీరు నిద్రపోతున్నప్పుడు కూడా సాగుతూనే ఉంటుంది. మీ వయసులో కట్టేవాళ్లదే పైచేయి, నా వయసులో కూల్చేవాళ్లది. అందుకే మీరు ఇప్పుడు తినేదాని మీద, గెంతే గెంతుల మీద నాకింత పట్టింపు. గెంతినప్పుడు ఎముక మీద బరువు పడుతుంది, ఆ బరువును బట్టే కట్టుబడి సాగుతుంది. బరువు తెలియని అంతరిక్షంలో నెలల తరబడి ఉన్న వ్యోమగాములకు, రోజూ వ్యాయామం చేయకపోతే, తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా తరిగిపోతుంది.

నా మాట మీద నమ్మకం ఉంచితే చాలదు, మీరే చూడండి. భోజనంలో మిగిలిన కోడికాలి ఎముకను శుభ్రంగా కడిగి, గాజు సీసాలో వేసి, మునిగేలా వెనిగర్ పోయండి. రోజూ వెనిగర్ మార్చండి. కాల్షియం అంతా కరిగాక కొల్లాజెన్ అనే ప్రోటీను మిగులుతుంది, ఎముక రబ్బరులా వంగుతుంది. సన్న ఎముకైతే మూడు నాలుగు రోజులు, లావుదైతే ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఎన్నో రోజున వంగిందో నాకు రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య