కడుపులో పిట్టల గూడున్న గాయని

చిరంజీవులు హర్షకు, మేఘనకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మీరు పంపిన వీడియో చూశాను. ఆ సొప్రానో గాయని, అంటే ఆడగొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిది పాడే ఆవిడ, హ్యాండెల్ అనే స్వరకర్త కట్టిన ఒపేరా పాట పాడుతున్నంతసేపూ హాల్లో చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. పాట అయ్యాక కూడా కాసేపు ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత అందరూ లేచి నిలబడి ఒకటే కేకలు. "అంతసేపు బుద్ధిగా కూర్చున్న పెద్దవాళ్లు చివర్లో అలా అరుస్తారేంటి?" అని హర్ష అడిగాడు. "పాట సగం దాటాక మళ్లీ మొదటికొచ్చింది, మర్చిపోయిందా?" అని మేఘన అనుమానం. మర్చిపోలేదే తల్లీ. ఆ మళ్లీ పాడటంలోనే ఉంది కిటుకంతా, ఆ కేకలకు మూలం కూడా అక్కడే ఉంది. చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మీరు విన్నది బరోక్ పాట. బరోక్ అంటే సుమారుగా 1600 నుంచి 1750 దాకా యూరప్‌లో నడిచిన సంగీతం. ఒపేరా అంటే పాటలతోనే నడిచే నాటకం. అప్పటి ఒపేరా హాలు ఇప్పటిలా చీకటిగా ఉండేది కాదు. వేదిక మీదా, జనం మీదా కొవ్వొత్తులు వెలుగుతూనే ఉండేవి. ఎవరు ఏ చీర కట్టుకొచ్చారు అన్నట్టు, ఎవరు ఏ గౌను వేసుకొచ్చారో చూసుకోవడానికి కావలసినంత వెలుతురు. లండన్‌లో ఒపేరా ఇటాలియన్‌లో జరిగేది. అర్థం కాని వాళ్లకోసం ఒక పక్క ఇటాలియన్, ఎదురుగా ఇంగ్లీషు అచ్చేసిన చిన్న పుస్తకాలు అమ్మేవారు. ఆ వెలుతుర్లోనే పేజీలు తిప్పుకుంటూ చూసేవాళ్లు. ఇటలీలో అయితే మరీ విడ్డూరం. 1739లో అక్కడికి ప్రయాణం కట్టిన ద బ్రాస్ అనే ఫ్రెంచి న్యాయాధికారి ఏమని రాశాడంటే, ఒపేరాలో మాటల భాగం విసుగు తెలియకుండా ఉండటానికి చదరంగం బాగా పనికొస్తుందట, చదరంగంలో మరీ మునిగిపోకుండా కాపాడటానికి పాటలు పనికొస్తాయట!

ఆయన వేళాకోళంలో నిజముంది. ఆనాటి ఒపేరా రెండు రకాల ముక్కలతో నడిచేది. కథ నడిపే భాగం మాటల్లా, సగం పాటలా గబగబా సాగిపోతుంది. ఆ తర్వాత కథ ఆగుతుంది. పాత్ర తన మనసులో ఉన్న ఒకే ఒక్క భావాన్ని పట్టుకుని పాడుతుంది. దాన్నే ఆరియా అంటారు. జనం వచ్చేది దానికోసమే. అందుకే మిగతా వేళ కబుర్లు, పలకరింపులు, ఆరియా ఎత్తుకోగానే చెవులు రిక్కించడం.

ఆరియాలో మొదట ఒక భాగం, తర్వాత కాస్త భిన్నంగా ఉండే చిన్న రెండో భాగం, ఆ పైన మళ్లీ మొదటి భాగం. మొదటిసారి స్వరకర్త రాసింది రాసినట్టు పాడతారు. రెండోసారి వచ్చినప్పుడు గాయని తన సొంత సంగతులు వేయాలి. ఏ మాట దగ్గర ఒంపు తిప్పాలి, ఎక్కడ స్వరాన్ని వణికించాలి, చివర్లో వాద్యాలు ఆగినప్పుడు ఒంటరిగా ఎంత దూరం వెళ్లి రావాలి, ఇదంతా కాగితం మీద ఉండదు. వినేవాళ్లకు అసలు పాట అప్పుడే విన్న గుర్తు ఉంటుంది కాబట్టి, ఈవిడ కొత్తగా చేసిందేమిటో వెంటనే తెలిసిపోతుంది. పాట అవగానే ఆ పాత్ర సాధారణంగా వేదిక మీంచి వెళ్లిపోతుంది. అంటే చప్పట్లకు చోటు కూడా ముందే వదిలిపెట్టారన్నమాట. ఇదీ మేఘన ప్రశ్నకు జవాబు.

ఇక హర్ష ప్రశ్న. దీనికి ఒక మనిషి కథ చెప్పాలి.

ఫ్రాంచెస్కా కుత్సోని అనే ఇటాలియన్ గాయని, పార్మా ఊరి పిల్ల, 1722 చివర్లో లండన్ చేరింది. వయసు 26. ఆవిడ దిగకముందే పత్రికలు ఊరించి ఊరించి రాశాయి. హేమార్కెట్‌లోని కింగ్స్ థియేటర్‌లో హ్యాండెల్ కొత్త ఒపేరా 'ఒత్తోనె'లో ఆమెది తెయొఫానె అనే రాకుమారి పాత్ర. పెళ్లి కోసం దేశం దాటి రోమ్‌కు వస్తుంది. పెళ్లికొడుకును చూడలేదు, చిత్రపటం మాత్రమే చూసింది. తీరా వచ్చాక వేరేవాడొకడు "నేనే ఆ రాజును" అంటూ ఎదురుపడతాడు. పటంలో ముఖానికీ ఈ ముఖానికీ పొంతనే లేదు. ఒంటరిగా మిగిలాక ఆ పిల్ల పటంతోనే మాట్లాడుతుంది: మోసపు బొమ్మా, నన్ను మోసగించావు, ముచ్చటైన ముఖం చూపించి నన్ను లాగావు అని.

ఆ పాటను హ్యాండెల్ చాలా తక్కువ సామగ్రితో కట్టాడు. ఎక్కువ భాగం గొంతు వెనక హార్ప్సికార్డ్ (పియానోకు ముందుతరం మెట్ల వాద్యం), కింది స్థాయిలో ఒక తీగవాద్యం, అంతే. పరుగులు లేవు, గొంతు గారడీ లేదు. కుత్సోనికి ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చి, ఊరు ఊరంతా ఎదురుచూస్తుంటే, మొట్టమొదటి పాట ఇంత చప్పగానా? పాడనంది. హ్యాండెల్ సంగతి తెలుసుగా, కోపిష్టి. "నువ్వు ఆడ దెయ్యానివని నాకు తెలుసు, నేను దెయ్యాల రాజునని నీకు చూపిస్తాను" అని, నడుం పట్టుకుని, ఇంకొక్క మాట అంటే కిటికీలోంచి విసిరేస్తానన్నాడట. ఈ మాట హ్యాండెల్ పోయిన మరుసటి ఏడు, 1760లో వచ్చిన ఆయన జీవితచరిత్రలో ఉంది. నలభై ఏళ్ల కిందటి ముచ్చట కాబట్టి కాస్త ఉప్పూకారం పడే ఉంటుంది. ఆడమనిషిని అలా బెదిరించడం గొప్పగా చెప్పుకోవడం నాకేమాత్రం నచ్చదు కూడా. కానీ పాట విషయంలో ఆయన లెక్క తప్పలేదు.

1723 జనవరి 12న మొదటి ప్రదర్శన. గుసగుసలు, విసనకర్రలు, పేజీల చప్పుడు నిండిన ఆ హాల్లో వాద్యాలన్నీ తప్పుకున్నాయి. వినడానికి ఒక గొంతు తప్ప ఏమీ మిగల్లేదు. తర్వాతి కాలంలో సంగీత చరిత్ర రాసిన చార్లెస్ బర్నీ, ఇంగ్లండులో ఆమె పేరు నిలబెట్టింది ఆ పాటే అన్నాడు. వేణువు విద్వాంసుడు క్వాంట్స్ 1727లో లండన్ వెళ్లి ఆమెను విన్నాడు. ఆయన మెచ్చుకున్నది తేటగా, తీయగా ఉండే గొంతును, తప్పని శ్రుతిని, అందమైన స్వరకంపనాన్ని. వేగంగా పరుగులు తీయడం కన్నా, నెమ్మదిగా మనసును పట్టుకోవడంలోనే ఆమె బలమంతా. అది ఆమె కన్నా ముందు హ్యాండెల్‌కు తెలిసినట్టుంది.

రెండో ఆటకు అర గినీ టికెట్లు రెండు మూడు గినీలకు చేతులు మారాయని అప్పుడు లండన్‌లో ఉన్న ఒక దొర ఉత్తరంలో రాశాడు. గినీ అంటే 21 షిల్లింగులు. అంతకు మూడేళ్ల కిందటే షేర్ల పిచ్చిలో బోలెడుమంది నిండా మునిగారు, ఇది కూడా అలాంటి పిచ్చేనని ఆయన అన్నాడు. బ్లాక్ టికెట్ల వ్యవహారం సినిమాలతో మొదలైందనుకున్నారా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గ్యాలరీ కేక. ఒక రాత్రి ఆమె పాడుతుండగా పైన చవక సీట్లలోంచి ఎవడో ఉండబట్టలేక, "దీని దుంపతెగ! దీని కడుపులో నైటింగేల్ పిట్టల గూడుంది!" అని అరిచాడు. బర్నీ ఈ మాటను దాచిపెట్టాడు కాబట్టి మనకు దొరికింది. అరిచినవాడి పేరు లేదు. ఇటాలియన్ వచ్చో రాదో. పాట అయ్యేదాకా ఆగలేకపోయాడు, అంతే. పెద్ద పెద్ద పండితులు పేజీలు రాశారు గానీ, ఆమె గొంతు గురించి ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

మన పద్యనాటకాల్లో రాగం తీసి పద్యం ముగించగానే "వన్స్ మోర్" అని అరిచేవాళ్లు చూడండి, కథ ఎక్కడుందన్న ధ్యాస లేకుండా నటుడు మళ్లీ పద్యం ఎత్తుకునేవాడు. మీ తాతయ్య కూడా అరిచిన బాపతే. లండన్ ఒపేరాలోనూ నచ్చిన ఆరియాను మళ్లీ పాడించుకునేవాళ్లు. కథ ఆగిపోయిందని ఎవరూ బాధపడలేదు. కథ కోసం వచ్చారు కనకనా?

అందరూ మనస్ఫూర్తిగా విన్నారని అనుకోకండి. అదే 1723 ఫిబ్రవరిలో కవి జాన్ గే తన స్నేహితుడు, రచయిత స్విఫ్ట్‌కు రాసిన ఉత్తరంలో ఎత్తిపొడిచాడు: ఒక వరసకూ ఇంకో వరసకూ తేడా తెలియనివాళ్లు కూడా ఇప్పుడు రోజూ హ్యాండెల్ గొప్పా, బొనొంచీని గొప్పా అని వాదించుకుంటున్నారు అని. బొనొంచీని అంటే అప్పుడు లండన్‌లోనే ఒపేరాలు కడుతున్న ఇంకో స్వరకర్త. కుత్సోని గొంతుతో పాటు బట్టలు కూడా చర్చే. 1725లో 'రొదెలిందా'లో వెండి అంచున్న గోధుమరంగు పట్టు గౌను వేసుకుంటే ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు, వయసు పిల్లలు మాత్రం అలాంటిదే కుట్టించుకున్నారు. మనిషేమో పొట్టి, లావు, నటన అంతంతమాత్రమని హొరేస్ వాల్పోల్ అనే ఇంగ్లీషు రచయిత వర్ణన. పాడటానికి వచ్చిన ఆడదాన్ని తల నుంచి పాదం దాకా తూకం వేయడం అప్పుడూ ఉంది.

1726లో ఇంకో ఇటాలియన్ గాయని దిగింది. ఫౌస్తీనా బోర్దోని, వెనిస్ అమ్మాయి. ఈమె గొంతు కాస్త కింది స్థాయి, కానీ స్వరాలు గబగబా దొర్లించడంలో మెరుపు. ఇద్దరినీ ఒకే వేదిక మీద పెడితే డబ్బులే డబ్బులని ఒపేరా కంపెనీ లెక్క. హ్యాండెల్ 'అలెస్సాంద్రో' అనే ఒపేరాలో ఇద్దరికీ సరిసమానంగా పాటలు తూచినట్టు రాశాడు పాపం. అయినా ఊరు రెండుగా చీలింది. పెంబ్రోక్ దొరసాని కుత్సోని వైపు. బర్లింగ్టన్ దొరసాని ఫౌస్తీనా వైపు. ఒకరి మనుషులు చప్పట్లు కొడితే రెండోవారి మనుషులు బుసకొట్టడం.

1727 జూన్ 6న బొనొంచీని రాసిన 'అస్తియనత్తె' ఆడుతోంది. యువరాజు భార్య కరొలిన్ కూడా వచ్చి కూర్చుంది. ఒక పక్క చప్పట్లు, ఇంకో పక్క బుసలు, ఆపైన పిల్లికూతలు. పిల్లికూత అంటే నోటితో చేసేదనుకునేరు, అప్పట్లో నాటకశాలలకు జేబులో వేసుకెళ్లే కీచు ఈల ఒకటుండేది. రాచకుటుంబం కూర్చుందన్న జంకు కూడా లేకుండా అసభ్యంగా ప్రవర్తించారని ఆ వారం పత్రిక రాసింది. గాయనులిద్దరూ వేదిక మీద జుట్లు పట్టుకున్నారని మీకు ఎక్కడైనా కనిపిస్తే నమ్మకండి. అవి తర్వాత కరపత్రాలవాళ్లు అచ్చేసి అమ్ముకున్న కట్టుకథలు. కొట్టుకున్నంత పని చేసింది కుర్చీల్లో ఉన్నవాళ్లు, పేరుపోయింది పాడినవాళ్లది.

మరుసటి ఏడు జనవరిలో జాన్ గే 'బెగ్గర్స్ ఒపేరా' దించాడు. ఇంగ్లీషు మాటలు, వీధుల్లో పాడుకునే వరసలు, దొంగల కథ. అందులో ఇద్దరు ఆడవాళ్ల కీచులాట ఈ గాయనుల మీద వేళాకోళమేనని చెప్పుకున్నారు. ఆ సీజన్‌లోనే 62 సార్లు ఆడింది. హ్యాండెల్ పనిచేస్తున్న కంపెనీ అదే ఏడు మూతపడింది. మూతపడటానికి అప్పులూ కారణమే, గొడవలొక్కటే కాదు.

కుత్సోని చివరి రోజులు రాయడం నాకు ఇష్టం లేదు, కానీ దాచడం ఇంకా తప్పు. యాభై దాటాక అప్పుల్లో కూరుకుపోయి మళ్లీ లండన్ వచ్చింది. బర్నీ స్వయంగా వెళ్లి విన్నాడు. గొంతు సన్నని దారంలా మిగిలిందట, హాల్లో జనమూ పెద్దగా లేరట. 1751లో, అప్పులు తీర్చుకోవడానికి ఇదే ఆఖరిసారి, దయచేసి రమ్మని పత్రికలో వేడుకుంది. 1778లో బొలోన్యాలో పేదరికంలోనే పోయింది. ఒకప్పుడు ఆమెకోసం పక్కవాళ్లతో కొట్లాడిన దొరలూ దొరసానులూ ఈసారి ఎంతమంది ఆ హాలుకు వచ్చి ఉంటారో మీరే ఊహించుకోండి.

హర్షా, ఇప్పుడు నువ్వడిగినదానికొస్తే, కేకలు కొత్తగా వచ్చినవి కావు, కొత్తగా వచ్చింది మధ్యలో నోరుమూసుకోవడమే. పాట నడుస్తుండగా కదలకుండా కూర్చోవడం బాగా తర్వాత, పందొమ్మిదో శతాబ్దంలో గట్టిపడిన మర్యాద. లోపల అణుచుకున్నదంతా చివర్లో ఒక్కసారి బయటికొస్తుంది. మన వీడియోలో ఆ కాసేపటి నిశ్శబ్దం ఉంది చూశావా, అది పాట నిజంగా అయిపోయిందా అని తేల్చుకోవడమో, మొదట చప్పట్లు కొట్టి పాడుచేయడమెందుకు అన్న మొహమాటమో. రెండూ కావచ్చు.

నెట్‌లో 'ఫల్సా ఇమ్మాజినె' అని వెతకండి, తెయొఫానె పాట అదే. ఇద్దరు ముగ్గురు సొప్రానోలు పాడినవి పెట్టుకుని, రెండోసారి మొదటి భాగం వచ్చినప్పుడు ఎవరు ఏం మార్చారో ఒక కాగితం మీద రాయండి. ఒకావిడ మరీ ఎక్కువ తిప్పుతుంది, నాకు నచ్చలేదు. ఎవరో చెప్పను, మీకు ఎవరు నచ్చలేదో ముందు మీరు రాయండి. ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూసుకోకుండా రాయాలి సుమా. అమ్మ ఫోన్‌లో ఫొటో తీసి పంపితే చాలు.

పాడే గొంతుకు గాజు గ్లాసు పగులుతుందంటారే, ఆ సంగతి వచ్చే ఉత్తరంలో.

మీ అమ్మమ్మ