చీపురు ఎందుకు వద్దన్నారు?

చి. అమ్ములుకి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

అమ్ములూ, నీ ఉత్తరం అందింది. కుండల క్లాసులో నువ్వు చేసిన ప్రమిద వంకరగా వచ్చిందని బాధపడకు, నూనె నిలిస్తే చాలు. నువ్వడిగిన ప్రశ్న మాత్రం రెండు రోజులుగా నా మనసులోనే ఉంది. క్లాసయ్యాక నువ్వు చీపురు అందుకోబోతే టీచరుగారు ఆపి, చేతికి తడిగుడ్డ ఇచ్చారట. "రెండు గంటలు మట్టిలో ఆడనిచ్చి, ఊడవద్దంటారేంటి తాతయ్యా?" అన్నావు.

సంక్రాంతికి నానమ్మ అరిసెల పిండి జల్లించడం చూశారుగా. నూక పైన మిగులుతుంది, మెత్తటి పిండి కిందికి దిగుతుంది. మన ఊపిరికీ అలాంటి జల్లెళ్ళున్నాయి. ముక్కులో వెంట్రుకలు ఒక జల్లెడ. గొంతులో, గాలి గొట్టాల్లో ఉండే జిగురు ఇంకొకటి. ముతక దుమ్ము వాటికి చిక్కుతుంది. నానమ్మ జల్లెడ తట్టినట్టు మనం ఓసారి దగ్గితే బయటికొచ్చేస్తుంది. కానీ ఎంత మంచి జల్లెడలోంచైనా మరీ మెత్తటిది జారిపోతుంది కదా. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటారు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 5 మైక్రాన్లు కూడా లేని దుమ్ము ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలి బుడగల దాకా దిగిపోతుంది.

అక్కడ ఊపిరితిత్తిని శుభ్రం చేసే కాపలా కణాలుంటాయి. పడ్డదాన్ని మింగి అరిగించుకోవడం వాటి పని. మట్టి దుమ్ములో పలుగురాయి పొడి ఉంటుంది. అది అరగదు. మింగిన కణమే చచ్చిపోతుంది, పొడి మళ్ళీ బయటపడుతుంది. ఇంకో కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. అలా జరిగిన చోటల్లా మచ్చ కట్టి గట్టిపడుతుంది. పిండి ముద్దకట్టి కళ్ళు పూడుకుపోయిన జల్లెడలా తయారవుతుంది ఊపిరితిత్తి. దీన్నే సిలికోసిస్ అంటారు. చాలామందిలో పది, ఇరవై ఏళ్ళకు గానీ బయటపడదు. పని మానేశాక కూడా ముదురుతుంది. క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది. నయం చేసే మందు లేదు.

నా చిన్నప్పుడు మా ఊరి కుమ్మరి వీధిలో చెరువు మట్టి ఎండబెట్టి, పెళ్ళలు కర్రలతో చితక్కొట్టి, జల్లించి, అప్పుడు నానబెట్టేవాళ్ళు. సెలవు రోజున మేం పిల్లలం పోటీలుపడి కొట్టేవాళ్ళం. ముఖాలు బూడిద పూసుకున్నట్టయితే ఒకరినొకరు చూసుకుని ఒకటే నవ్వులు. ఆ ఇంటి అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి మట్టి మీద చిలకరించేది. "దూరం జరగండిరా, గుండెల్లోకి పోద్ది" అనేది. సారె మీది తడి ముద్ద ఎవరికీ హాని చెయ్యదు. పొడి మట్టి దంచేటప్పుడు, ఎండిన పాత్రను గీకి నునుపు చేసేటప్పుడు, ఆఖరున నేల ఊడ్చేటప్పుడే ముప్పు. ఏ పుస్తకం చదవకుండానే ఆ సంగతి తెలిసిన మనిషి ఆవిడ.

తెల్ల కప్పులు, టైల్స్ చేసే ఫ్యాక్టరీల్లో అయితే పలుగురాయి పొడిని కావాలనే కలుపుతారు. గుజరాత్‌లోని మోర్బీలో ఆ పనిచేసి ఈ జబ్బున పడ్డవాళ్ళున్నారు. ఇంగ్లండులో స్టోక్ ప్రాంతపు కుమ్మరులు పింగాణీ తెల్లబడటానికి చెకుముకిరాళ్ళు కాల్చి, పొడిగానే దంచేవాళ్ళు. 1726లో థామస్ బెన్సన్ అనే ఆయన ఆ రాళ్ళను నీళ్ళలో నూరే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఎంత బలమైన మనిషైనా ఆ దుమ్ములో రెండేళ్ళకు మించి బతకడం కష్టమని ఆ పత్రంలోనే ఉంది. అంటే దాదాపు మూడు వందల ఏళ్ళుగా తెలిసిన సంగతి! ఇవాళ్టికీ ఎక్కడో ఒకరు పొడి మట్టిని చీపురుతో ఊడుస్తున్నారంటే నాకు బాధగా ఉంటుంది. కొన్ని నీళ్ళు, దుమ్మును లాగేసే మంచి ఫ్యాన్లు, సరైన మాస్కు ఇవ్వడం యజమానికి మోయలేని భారమేం కాదు. మీరు పెద్దయ్యాక ఎవరిచేతనైనా పని చేయిస్తే ఇది మరిచిపోకండి.

మిగతాది నేను చెప్పేకంటే మీరే చూడండి. ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో కిటికీలన్నీ మూసి, ఒక్క రెక్క సందు వదలండి. ఎండ కర్రలాగా పడుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొడి చీపురు ఒక్కసారి ఆడించి, ఆ ఎండలో లేచింది ఎంతసేపటికి దిగుతుందో గడియారం పెట్టుకుని చూడండి. తర్వాత అదే నేల తడిగుడ్డతో తుడిచి చూడండి. మనల్ని దెబ్బతీసే దుమ్ము అందులో కనబడేదానికంటే సన్నం, అది గంటల తరబడి గాల్లోనే తేలుతుంది. మీ లెక్కలు రెండూ నాకు రాసి పంపండి. చిన్నా, గడియారం నువ్వు పట్టుకో.

మీ తాతయ్య