కరచు, కగాత్, కతియ: చుట్టాలేనా?

నేను చెప్పేది చారిత్రక భాషాశాస్త్రం, అందులోనూ ఓషియానిక్ భాషలు, అంటే ఫీజీ, మావోరీ, హవాయి లాంటి పసిఫిక్ ద్వీపాల భాషలు. ఏ సభకెళ్లినా ఎవరో ఒకరు ఫోన్ తీసి, తెలుగు మాటల్లా వినిపించే పరాయి మాటల జాబితా చూపిస్తారు.

అపోహ: ఫిలిప్పీన్స్ భాష తగలాగ్‌లో ‘కగాత్’, ఫీజీలో ‘కతియ’ అంటే కరవడం. కాబట్టి మన ‘కరచు’ సముద్రం దాటి వెళ్లింది!

వాస్తవం: వెళ్లలేదు. ఒకేలా వినిపించే మాటలు ఏ రెండు భాషల్లో వెతికినా కొన్ని దొరుకుతాయి. ఆస్ట్రేలియాలోని మబబరం భాషలోనూ కుక్కని ‘డాగ్’ అనేవారు, ఇంగ్లిష్‌తో సంబంధం లేకుండానే. చుట్టరికం తేల్చాలంటే ధ్వనులు ఒక పద్ధతిలో మారాలి. తగలాగ్‌లో నరం ‘ఉగాత్’, ఫీజీలో ‘ఉఅ’. తగలాగ్ ‘గ’ ఉన్నచోట ఫీజీలో ఏమీ లేదు; కగాత్, కతియల్లోనూ అంతే. మూలరూపాలు ‘ఉరత్’, ‘కరత్’ అని ఊహిస్తాం. మరి ‘ఉఅ’లో పోయిన ‘త’ ‘కతియ’లో ఎలా మిగిలింది? ఓషియానిక్‌ శాఖలో చాలాచోట్ల పదాంత హల్లులు రాలిపోయాయి. ‘కరత్’కి మాత్రం సకర్మక ప్రత్యయం ‘ఇ’ తగిలి, ‘త’ పదం మధ్యలో పడి బతికిపోయింది. న్యూజిలాండ్ భాష మావోరీలో ‘ఇను’ తాగడం, కర్మణిలో ‘ఇనుమియ’. అక్కడ దాక్కున్న ‘మ’ కథా ఇదే. ఈ లెక్కలో మన ‘కరచు’ ఎక్కడా ఇమడదు. దాని చుట్టాలు కన్నడ ‘కచ్చు’, తమిళ ‘కఱి’.

ఇంత గొంతు చించుకోవడానికి కారణముంది. ఒకమ్మాయి పీహెచ్‌డీ ప్రతిపాదన మొత్తం ఇలాంటి జాబితా మీదే కట్టుకుంది. ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి టెన్షన్‌తో ఫోన్: “సార్, ఇది పోతే నా దగ్గర ఇంకేం లేదు.” పాపం, వీడియోల్లో అందరూ అంత ధీమాగా చెబుతుంటే ఎవరైనా నమ్ముతారు. “జాబితా పక్కన పెట్టమ్మా, ఆ ‘త’ ఎందుకు మిగిలిందో రాయి” అన్నాను. తెల్లారేసరికి రెండు పేజీలు పంపింది. సీటొచ్చింది.

అపోహ: బ్రిటిష్ కాలంలో ఒప్పందం మీద వెళ్లిన గిర్మిట్ కూలీలు ఫీజీకి పట్టుకెళ్లిన మాట.

మద్రాసు నుంచి ఫీజీకి ఓడలు మొదలైంది 1903లో. ఫిలిప్పీన్స్‌కీ వాళ్లే పట్టుకెళ్లారా మరి?

అపోహ: ద్వీపాల భాషల్లో మాటలు తక్కువ.

మావోరీలో కరవడం ‘ఙౌ’. చాటున చెడు చెప్పడం ‘ఙౌతుఅరా’, ‘తుఅరా’ అంటే వీపు. హవాయిలో కాటు ‘నహు’, పురిటి నొప్పులు ‘నహు కుఅకోకో’. తక్కువెక్కడ?