అప్పన్న కొండ చుట్టూ నీటి దారి

ఆషాఢ చతుర్దశి నాడు విశాఖలోని సింహాచలం కొండ కింద, మెట్ల మొదట్లో ఉండే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, 32 కిలోమీటర్లు నడిచి, మళ్లీ అక్కడికే చేరతారు లక్షల మంది. నేను రెండోసారి గిరి ప్రదక్షిణ చేసినప్పుడు, కాళ్లు పీకుతుంటే ధ్యాస మళ్లించుకోవడానికి దారిలో ఊళ్ల పేర్లు మననం చేసుకున్నాను. అడవివరం దాటగానే ముడసర్లోవ. లోవ అంటే కొండల నడుమ పల్లం. తర్వాత హనుమంతవాక. వాక అంటే ఏరు. బీచ్ వైపు వెళ్లి వెనక్కి తిరిగాక సీతమ్మధార, మాధవధార. ఇవాళ ఈ పేర్లు ఆటోవాడికి చెప్పడానికీ, ఫ్లాట్ల ప్రకటనలకీ పనికొస్తున్నాయి గానీ, పెట్టినవాళ్లు కంటికి కనబడ్డ నీటిని చూసే పెట్టి ఉంటారు.

పెంకుటింటి మీద వాన పడితే నడికొప్పుకి అటు పడింది పెరట్లోకీ, ఇటు పడింది వాకిట్లోకీ పోతుంది. సింహాచలం కొండ కూడా అంతే. ఉత్తరం వాలు నీళ్లు ముడసర్లోవ వైపు దిగుతాయి. గోపాలపట్నం వైపు దిగినవి మేఘాద్రి గెడ్డ దారి పడతాయి. గెడ్డ అంటే వాగు. అది చివరికి హార్బరులో కలుస్తుంది. ఇలా ఒక చోటికి చేరే నీళ్లన్నీ పడే నేలనే వాటర్‌షెడ్ అంటారు. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు. అవి ఎంత వేగంగా కిందికి వస్తాయన్నదే అసలు సంగతి.

ఈ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి. గార్నెట్ ఖనిజం ఉన్న ఈ రాయి ఎండకీ వానకీ తొందరగా మెత్తబడుతుంది. పైపొర చివికి ఎర్రమట్టి అవుతుంది, లోపల పగుళ్లుంటాయి. చెట్లున్న చోట ఆకులు చినుకు దెబ్బని ఆపుతాయి, రాలిన చెత్త నీటిని కాసేపు పట్టి ఉంచుతుంది, వేళ్లు చేసిన సందుల్లోంచి నీరు ఆ చివికిన పొరలోకి దిగుతుంది. అడుగున గట్టి రాయి తగిలాక ఇక దిగలేక, వాలు వెంట పక్కకి మెల్లగా జారి, కొండ అంచు తెగిన చోట బయటికొస్తుంది. అదే ధార. వాన పడిన వారాలకీ, నెలలకీ వచ్చే నీరు కాబట్టే కొండ మీది గంగధారలో ఎండాకాలంలోనూ తల తడుపుకోగలుగుతున్నాం. చెట్లు కొట్టి చదును చేసిన వాలు మీద పడిన వాన గంటలోనే రోడ్డెక్కుతుంది, ఎర్రటి బురదతో సహా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ కొండల పచ్చదనాన్ని ఒక్క పూటలో ఊడ్చేసినప్పుడు మనకి పోయింది నీడ ఒక్కటే కాదు.

కిందికొస్తే కథ మరోలా ఉంటుంది. బీచ్ దగ్గరి ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, ఎందుకంటే ఉప్పునీరు బరువు. సముద్ర మట్టానికి మీటరు పైన మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుందని లెక్క. ఈ లెక్క తిరగబడితేనే టెన్షన్. బోర్లు తోడి మీటరు తగ్గిస్తే, కిందినుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి రాగలదు. ఒకసారి ఉప్పెక్కిన బోరు మామూలు కావడానికి ఏళ్లు పడుతుంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంకుడు గుంత ఉండేది. ఉందని కాగితాల్లో చూసి తెలుసుకున్నాం. దాని మీద టైల్స్ వేసి, స్కూటర్లు పెట్టుకుంటున్నాం! ఒక మేలో ట్యాంకరు కోసం బకెట్లతో నిలబడ్డాక గానీ ఎవరికీ బుద్ధి రాలేదు. లెక్క వేశాం: వంద గజాల డాబా, విశాఖలో ఏడాదికి దాదాపు వెయ్యి మిల్లీమీటర్ల వాన. అంటే 83 వేల లీటర్లు పైచిలుకు. ఆవిరైంది, పొర్లిపోయింది తీసేసినా 65 వేలు మిగులుతాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదమూడు. టైల్స్ తీసి చూస్తే గుంతలో రాళ్ల సందులన్నీ ఒండ్రుతో మూసుకుపోయి ఉన్నాయి. మూడు ఆదివారాలు తవ్వాం. ఆఖరికి అందరికంటే ఎక్కువ తట్టలు మోసింది బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఇప్పుడు డాబా ఊడవడం, గుంత ముందున్న జాలీ కడగడం జ్యేష్ఠంలో చేసే పనులయ్యాయి. మొదటి రెండు వానల నీళ్లని గుంతలోకి వదలం, మురికి వస్తుంది కనక.

మళ్లీ ప్రదక్షిణ దగ్గరికి. దారి పొడుగునా పులిహోర, మజ్జిగ పంచేవాళ్ల చేతులకి దణ్ణం పెట్టాలి. కానీ ఆ ప్లాస్టిక్ గ్లాసులు? తెల్లారేసరికి పారిశుద్ధ్య కార్మికులు ఎంత ఊడ్చినా కొన్ని కాలవల్లో పడతాయి. ఆషాఢం వానలు వాటిని గెడ్డల్లోకీ, గెడ్డలు సముద్రంలోకీ చేరుస్తాయి. మొన్నటిసారి నా ముందు నడిచిన ఒక ముసలమ్మ మజ్జిగ పందిరి కనబడగానే సంచిలోంచి స్టీలు చెంబు తీసి పట్టింది. "గ్లాసెందుకు నాయనా, ఇందులో పొయ్యి" అంది. తాగి, పక్కనున్న కుళాయి కింద కడిగి, కొంగుకి తుడుచుకుని, మళ్లీ సంచిలో పడేసుకుని నడక సాగించింది. అప్పటికి మేం మాధవధార దాకా వచ్చాం.