కొండ కథ వేరు, గోడ రాత వేరు: తిరుపతి గైడు చెప్పే అపోహలు – వాస్తవాలు

అలిపిరి పాదాల మండపం దగ్గర తెల్లారి నాలుగున్నరకు నా పని మొదలవుతుంది. పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేసేవాళ్లు చేస్తుంటారు, నా జట్టులో సగం మంది టీ కోసం పోయుంటారు. మొదటి మెట్టుకు పసుపు, కుంకుమ పూసేలోపే ఎవరో ఒకరు "గుడి కట్టించింది కృష్ణదేవరాయలే కదా?" అని అడిగేస్తారు. పదిహేడేళ్లుగా రోజూ వింటున్నవి కొన్ని ఇక్కడ రాస్తున్నా.

"తిరుమల గుడి రాయలు కట్టించాడు."

కాదు. రాయలు పుట్టడానికి కనీసం అయిదొందల ఏళ్ల ముందే సామవై అనే పల్లవ రాణి ఈ గుడికి వెండి విగ్రహం చేయించి ఇచ్చింది. పురటాశి అనే తమిళ నెలలో ఉత్సవం జరపమని గోడ మీద శాసనం వేయించింది. ఆ వెండిమూర్తే భోగ శ్రీనివాసుడు. ఈరోజుకీ రాత్రి ఏకాంతసేవలో పానుపు మీద పవళించేది ఆయనే. ధనుర్మాసంలో మాత్రం ఆ చోటు కృష్ణుడిది.

మరి రాయలు ఏం చేశాడు? 1513 నుంచి 1521 లోపల ఏడుసార్లు కొండకు వచ్చాడు. 1518లో ఆనందనిలయ విమానానికి బంగారు పూత వేయించాడు. మహాద్వారం దాటగానే కుడిచేతి వైపు తిరుమలదేవి, చిన్నాదేవిలతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు చూడండి. క్యూలో తోపులాట మధ్య నూటికి తొంభై మంది ఆ పక్కకే చూడరు. కట్టించినవాడని ఆయన్ను పొగిడేవాళ్లూ చూడరు!

"గోవిందరాజస్వామి శ్రీవారి అన్న. పెళ్లి అప్పు తీర్చడానికి కుంచంతో డబ్బు కొలిచి కొలిచి అలిసిపోయి పడుకున్నాడు."

ఈ కథ నాకూ ఇష్టం. తల కింద కుంచం చూపించి చెబితే పిల్లలు కళ్లు పెద్దవి చేసి వింటారు. కొత్తలో దీన్నే చరిత్రలా చెప్పి ఒకసారి తలవంపులు తెచ్చుకున్నా. నెల్లూరు నుంచి వచ్చిన ఒక రిటైర్డు తెలుగు మాస్టారు అంతా విని, "బాగుంది నాయనా, మరి చిదంబరం సంగతి చెప్పవేం?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రే పుస్తకాలు ముందేసుకున్నా.

చిదంబరంలో చోళరాజు గోవిందరాజస్వామిని తీసివేయించాక, రామానుజులవారు 1130 ప్రాంతంలో ఇక్కడ దిగువ తిరుపతిలో గోవిందరాజ ప్రతిష్ఠ చేయించారు. ఆ ఆవరణలో అంతకుముందే పార్థసారథి సన్నిధి ఉంది. ఇప్పుడూ దర్శించుకోవచ్చు. గుడి చుట్టూ వీధులు లేచి మా ఊరు ఊరయ్యింది ఆ తర్వాతే. కుంచం కథ ఇప్పటికీ చెబుతా. కాకపోతే "పెద్దలు చెప్పే కథ" అని ముందే అనేసి మొదలుపెడతా.

"బ్రహ్మోత్సవాల్లో ఊరేగేది గర్భగుడిలో ఉన్న స్వామే."

మూలవిరాట్టు కదలడు. వీధుల్లోకి వచ్చేది మలయప్పస్వామి. ఈయనకు ముందు ఉత్సవమూర్తి ఉగ్ర శ్రీనివాసుడు. ఒక బ్రహ్మోత్సవంలో మంటలు లేచి ఊరంతా అంటుకుంటే, కొండ వంగిన చోట నా మూర్తులు దొరుకుతాయి, ఇకమీదట వాటినే ఊరేగించండి అని స్వామి పలికాడట. అది కథ. మలయప్పకు తమిళంలో ఉన్న పూర్తి పేరు 'మలై కునియ నిన్ర పెరుమాళ్'. కొండ వంగగా నిలిచిన స్వామి అని అర్థం. ఈ పేరు పద్నాలుగో శతాబ్దపు శాసనంలోనే ఉంది. కథ, రాత ఒకదానికొకటి తగిలే చోటు ఇది, అందుకే నాకు మహా ఇష్టం.

ఉగ్ర శ్రీనివాసుడు ఇప్పుడు ఏడాదికి ఒక్కసారే బయటికి వస్తాడు, కార్తీకంలో కైశిక ద్వాదశి నాడు. అదీ సూర్యోదయానికి ముందే. ఎండ సోకకముందే లోపలికి తీసుకెళ్లిపోతారు. చలిలో, దివిటీల వెలుగులో, జనం పల్చగా ఉన్న మాడవీధిలో ఆ మూర్తిని చూడటం గరుడసేవ రద్దీలో దొరికే అనుభవం కాదు.

గరుడసేవ అంటే అయిదో రోజు రాత్రి. ఆ ఒక్క రాత్రి మూలమూర్తి మకరకంఠి, లక్ష్మీహారం, సహస్రనామమాల మలయప్పకు వేస్తారు. "గరుడసేవ చూస్తే మూలవిరాట్టును చూసినట్టే" అనే మాట అందుకే పుట్టింది, దాంట్లో తప్పేం లేదు.

"ప్రసాదం అమ్మడం ఈ కాలపు వ్యాపారం."

ఇది అనేవాళ్లు చాలా కోపంగా అంటారు. నేను వాళ్లను నెమ్మదిగా గోడ దగ్గరికి తీసుకుపోతా, అంటే మాటల్లోనే లెండి. నిజంగా గోడ దగ్గర నిలబడనిచ్చేదెవరు!

పదిహేను, పదహారో శతాబ్దాల శాసనాలు ఎక్కువగా తమిళంలో ఉంటాయి. మనవాళ్లకు అదొక ఆశ్చర్యం. దాత శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో, ఇన్ని పణాలని (అప్పటి నాణేలు) కట్టి, ఫలానా ఉత్సవం ఫలానా రోజు ఇన్ని తిరుప్పోనకాలు (అన్నం నైవేద్యాలు), ఇన్ని అప్పాలు నైవేద్యం పెట్టాలని రాయించేవాడు. ఆ పణాలతో దేవుడి మాన్యం ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించేవారు. నీళ్లొచ్చి పంట పెరిగితే, ఆ పెరిగిన పంటలోంచే నైవేద్యానికి బియ్యం. నివేదించిన ప్రసాదంలో నాలుగో వంతు దాతది. దానికి 'విట్టవన్ విళుక్కాడు' అని పేరు. ఆ వంతును దాత తినొచ్చు, మఠానికి రాసివ్వొచ్చు, ఇంకొకరికి అమ్ముకోనూ వచ్చు. మా చుట్టుపక్కల రైతుకు చెరువు, యాత్రికుడికి ప్రసాదం, దాతకు వంతు, మూడూ ఒకే పణంలోంచి. ఇంత చక్కటి లెక్కను నేను ఇంకెక్కడా చూడలేదు.

అయితే ఆ పట్టీల్లో కనబడేవి అప్పం, అతిరసం, వడ, మనోహరం లాంటివి. 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన లడ్డు గొప్పదే, కానీ రాయల కాలపు భక్తుడి మూటలో లడ్డు లేదు. ఇంకొకటి: గర్భగుడి గడప కులశేఖరపడి దాటి స్వామి ముందుకు పోయేది లడ్డు కాదు, కుండ పెంకులో పెట్టిన పెరుగన్నం.

చిన్నాచితకవి

బాలాజీ అనేది ఉత్తరాది భక్తుల పిలుపు. 1843 నుంచి 1933 దాకా కొండ పెత్తనం ఉత్తరాది మూలాలున్న హథీరాంజీ మఠం మహంతులది. మా ఇళ్లలో ఇప్పటికీ వెంకన్న, వెంకటేసులే.

శిలాతోరణం ఏ శిల్పీ చెక్కింది కాదు. గాలీ నీరూ కోట్ల ఏళ్లు కొరికితే మిగిలిన రాయి.

బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరిగేది అధికమాసం వచ్చిన ఏడాదే. ప్రతి సంవత్సరం కాదు.

గ్రహణం రోజు గుళ్లన్నీ మూస్తారంటారు. శ్రీకాళహస్తిలో మూయరు. అక్కడ శివరాత్రి ఉత్సవాల్లో మొదటి జెండా ఎగిరేది శివుడి గుళ్లో అనుకుంటారు, అదీ కాదు, అక్కడి కొండ మీది కన్నప్ప గుడి దగ్గర. ముందు భక్తుడు, తర్వాత దేవుడు.

"అలిపిరి మెట్లెక్కితే ఏడుకొండలూ వరసగా ఎక్కినట్టు."

మెట్లు 3550, దారి తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దాకా ఊపిరి తీసే ఎక్కుడు, ఆ తర్వాత చాలాదూరం చదును. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. ఇవి మెట్లదారిలో వరసగా తగిలే మజిలీలు కావు. గుడి ఉన్నది వేంకటాద్రి మీద.

పోయిన నెల మోకాళ్లమెట్ట దగ్గర పలమనేరు నుంచి వచ్చిన ఒక అవ్వ మోకాళ్ల మీద ఎక్కుతూ ఆగి, "ఇది ఎన్నో కొండ నాయనా?" అంది. నేను పైన రాసిందంతా మొదలుపెట్టబోయా. చెయ్యి అడ్డం పెట్టి, "ఏడోదని చెప్పప్పా, కాళ్లు లాగేస్తుండాయి" అంది.

"ఏడోదే అవ్వా" అన్నా.