మహిళల సీటు, ఎవరి మాట? అపోహలు - వాస్తవాలు

ఎన్నికైన మహిళా ప్రతినిధులకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. హైదరాబాద్‌లో జరిగే తరగతులకు సర్పంచులు, వార్డు సభ్యులు, కార్పొరేటర్లు వస్తుంటారు. టీవీ చర్చల్లో, కాలనీ సమావేశాల్లో వాళ్ల గురించి తేలిగ్గా అనేసే మాటలు వింటే మనసు కష్టపెట్టుకోకుండా ఉండలేను. తరచూ వినిపించే కొన్నింటికి ఇది నా జవాబు.

అపోహ: మహిళా రిజర్వేషన్ పేరుకే, పెత్తనమంతా భర్తలదే.

భర్తల జోక్యం ఉంది, కాదనను. హాజరు పట్టీలో ఆమె పేరు పిలిస్తే వెనక వరుసలోంచి ఆయన పలుకుతాడు. ఊళ్లో ఫ్లెక్సీ మీద ఆమె బొమ్మ కన్నా ఆయన బొమ్మే పెద్దది. కానీ దాన్ని ఆమె చేతగానితనం కింద జమకట్టడం అన్యాయం. మేం ముందుగా భర్తలను హాలు బయట కూర్చోబెడతాం. తర్వాత తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం ఆమె ముందుంచి ఒక్కో పద్దూ చదివిస్తాం. కాసేపటికే ప్రశ్నలు మొదలవుతాయి: “ఒకే మోటారు మరమ్మతుకు మూడుసార్లు డబ్బు ఎందుకు రాశారు?” పొదుపు సంఘంలో ఏళ్ల తరబడి లెక్కలు చూసిన మనిషికి ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. ఆ పుస్తకాన్ని అంతవరకూ ఆమె చేతికి ఎవరూ ఇవ్వలేదు.

ఇంకో చిక్కు చట్టంలోనే ఉంది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కు, ఉప సర్పంచ్‌కు ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది, అంటే పంచాయతీ చెక్కు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. సర్పంచ్ పదవుల్లో సగం మహిళలవి. ఉప సర్పంచ్ పదవికి అలాంటి రిజర్వేషన్ లేదు. ఆ రెండో సంతకం పడకపోతే వీధి దీపాల బిల్లు కూడా కదలదు. అప్పుడు ఊరంతా ఆమెనే తప్పుపడుతుంది, చెక్కు ఎవరి దగ్గర ఆగిందో ఎవరూ ఆరా తీయరు. భర్తల గురించి ఇంతగా మాట్లాడేవారు ఈ నిబంధన గురించి కూడా మాట్లాడాలని నా కోరిక.

అపోహ: కుర్చీలో ఎవరున్నా జరిగే పనులు అవే.

పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పరిశీలించి ఆర్థికవేత్తలు రాఘవేంద్ర ఛటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. మహిళలు అధ్యక్షత వహించిన చోట తాగునీటి పనులకు ఎక్కువ ఖర్చు జరిగిందని అందులో తేలింది. బిందె మోసేది ఎవరో తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

అపోహ: చట్టం వచ్చింది కాబట్టి చట్టసభల్లోనూ మహిళల వాటా తేలిపోయింది.

2023లో ఆమోదం పొందిన 106వ రాజ్యాంగ సవరణ లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు సీట్లు కేటాయించింది. రాజ్యసభకు, శాసనమండలికి అది వర్తించదు. పైగా జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలవుతుందని ఆ సవరణలోనే రాశారు. అందుకే 2024 లోక్‌సభ ఎన్నికలు పాత పద్ధతిలోనే జరిగాయి, 543 మందిలో 74 మంది మహిళలు గెలిచారు. 2023లో మన తెలంగాణ శాసనసభకు ఎన్నికైన మహిళలు 119 మందిలో 10 మంది. టికెట్లు పంచే దగ్గరే వాటా తెగిపోతోంది.

అపోహ: జెండర్ రాజకీయం నిన్న మొన్న విదేశాల నుంచి దిగుమతైంది.

ఈ మాటకు హైదరాబాద్ చరిత్రే సమాధానం. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలని, ఆడవేషంలో బహిరంగంగా కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చని 1919లోనే నిజాం ప్రభుత్వం చట్టం చేసింది. ఎవరు ఏ బట్టలు కట్టుకోవాలో రాజ్యం అప్పటికే నిర్ణయిస్తోందన్నమాట. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు రాష్ట్ర ప్రభుత్వమిచ్చే ఆసరా పింఛన్లు వర్తింపజేయాలని అదే తీర్పులో ఆదేశించింది. మా తరగతుల్లో ఈ తీర్పు గురించి తప్పకుండా చెబుతాను. పింఛను కావాలన్నవారు మొదట తలుపు తట్టేది సర్పంచ్ ఇంటినే, కార్పొరేటర్ ఇంటినే.